అల్లుడి విమానం, అర్పా వరద

రెండువేల ఎనిమిది వానాకాలం. బిలాస్‌పూర్ స్టేషన్ బయట టీ కొట్టులో సన్యాసిరావు గారు పొద్దున్నుంచీ మాతో కూర్చునే ఉన్నారు. గూడ్సు గార్డుగా రిటైరైపోయినా ఆయన మాట మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. అలాంటి మనిషి ఆ రోజు ఇంటికెళ్లడానికి జంకుతున్నారు.

"అల్లుడు గారి రిమోట్ విమానం అడక్కుండా తీసి, కెమెరాతో సహా అర్పా ఏట్లో పడేసేరంట గదా? ఇయ్యాల ఆయన కోర్బా నించి వస్తన్నారంట. ఏటి సెప్తారు?" అని షెడ్డు ఫిట్టరు అప్పారావు అడిగాడు.

"పడేడమేటి? నాను పంపేను. జరిగింది జరిగినట్టు సెప్తాను, ఇను. మా రవిచంద్ర గారు బొగ్గాఫీసులో ఇంజనీరు గదా, సెలవొస్తే మా ఇంట్లో ఉంచిన ఆ విమానం ఎగరేసి పైనించి సినిమా తీస్తారు. నీళ్లలో పడ్డా పాడవని కెమెరా ఒకటి దాని కడుపుకి కట్టుంటాది. అర్పాకి వరదొచ్చింది. నీళ్లెంతవరకూ వచ్చేయో అని కాలనీ అంతా బెంగెట్టుకుంది. ఒక్క చుట్టు తిప్పి సూద్దారని గట్టుకెల్లేను. అంతే, అందులో గొప్పేటుంది?"

గొప్పేమీ లేదని మేమూ ఒప్పుకున్నాం. అది ఆయనకి నచ్చినట్టు లేదు.

"ఎగిరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిల్హా వైపు తిరిగింది, అదే టైముకి రాయ్‌పూర్ లోకల్ వస్తంది, రెండూ పక్కపక్కనే ఎల్లేయి, డ్రైవరు సెయ్యూపేడు, నాను రెక్కూపేను, ఆకరికి లోకలే ఎనకబడిపోయింది."

"లోకల్ ఎనకబడ్డం రోజూ ఉన్నదే గదండీ" అన్నాడు బుకింగు క్లర్కు రమణమూర్తి.

"అచ్ఛా, అయితే ఇది ఇను. కోటా కాడ మబ్బులోకి దూరింది. లోపల వాన ఇంకా తయారవతంది. చినుకులన్నీ టికెట్టు కిటికీ ముందర నిలబడ్డట్టు వరసలో ఉన్నాయి. ఒకటి ముందుకి తోసుకొస్తే మిగిలినవి దెబ్బలాటకొచ్చేయి. అన్నీ కెమెరాలో పడ్డాయి. అక్కడ్నించి తిన్నగా అర్పాలోకి దిగింది. మునిగిందనుకుంటన్నావేటి? నీళ్లలోనూ ఎగిరింది. సేపలు దారిచ్చేయి. మీసాల ముసలి సేపొకటి కెమెరా కాడ ఆగి, ఫొటో తీసేదాకా కదల్లేదు. ఇంతలో ఎవుల్దో గేదె కొట్టుకుపోతంది. విమానం దాని కడుపు కిందకెల్లి ఒక్కసారి లేపింది. గేదె గాల్లోకి లేచింది. తిఫ్రాలో ఆళ్ల గుమ్మం ముందర దింపింది, పాలేల దాటకుండా."

"పాలిచ్చిందా?" అని రమణమూర్తి అడిగాడు.

"మామూలు కంటే ఎక్కువే ఇచ్చింది."

"మరి విమానమేదండీ?" అప్పారావు వదల్లేదు.

"ఇంకో గేదె అరుపు ఇనబడింది. వద్దన్నాను, ఇన్లేదు. ఎల్లింది. పేణాలిచ్చేసింది" అన్నారు గానీ, ఈసారి ఆయన గొంతు కొంచెం తగ్గింది. "అల్లుడు గారు కేకలేసే మనిషైతే బాగున్ను. నాలుగు మాటలని ఊరుకుంటారు. ఈయన మాటాడరు. పెళ్లైన కాడ్నించి నాతో నాలుగు ముక్కలు మాటాడింది లేదు. మూగగా మా అమ్మాయి సౌభాగ్యని తీసుకెల్లిపోయి, మరింక గుమ్మం తొక్కకపోతే నానేటైపోతాను?"

అప్పుడు వెనక బల్ల మీంచి ఒకాయన లేచి వచ్చారు. రవిచంద్ర గారే. ఎప్పుడొచ్చి కూర్చున్నారో కబుర్లలో పడి మేం చూసుకోలేదు. సన్యాసిరావు గారు లేవబోయి మళ్లీ కూలబడిపోయారు.

"కెమెరా దొరికింది, మామయ్య గారూ. దిగువన జాలరి వలలో పడిందట. దాని మీద నా నంబరుంటే ఫోన్ చేశాడు. అందులో ఉన్నదంతా చూశాను."

"అంతానా బాబూ?"

"అంతా. విమానం గట్టు దాటి పట్టుమని వంద గజాలు వెళ్లలేదు. గేదె ఉంది. గట్టు మీదే ఉంది, గడ్డి మేస్తోంది. విమానం నీళ్లవైపు పోతుంటే మీరు రిమోట్ కింద పడేసి, మెళ్లో ఎర్ర తువ్వాలు తీసి, ఆగమని రెండు చేతులా ఊపుతున్నారు."

అని ఆయన ఇంక ఆపుకోలేకపోయారు. బల్ల పట్టుకుని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఆయన నవ్వడం మేమెవరమూ అంతవరకూ చూడలేదు. మామగారు ఆ మొహంకేసి భయంభయంగా చూసి, నవ్వు నిజమేనని నమ్మకం కుదిరాక పెద్దగా ఊపిరి వదిలారు.

"ఇంట్లో సౌభాగ్య అది మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తోంది. మీరొస్తే గానీ అన్నం తినదట. లేవండి."

అల్లుడు చెయ్యందిస్తే పట్టుకుని లేచారాయన. రెండడుగులు వేసి, మావైపు తిరిగి, తువ్వాలు భుజాన సర్దుకున్నారు.

"నా సర్వీసు మొత్తంలో ఎర్రగుడ్డ సూపించినా ఆగని బండి అదొక్కటే" అన్నారు.