పత్తి తీతల దాకా

టెక్సస్‌లో పత్తి చేల మధ్య చిన్న ఊరు. ఆగస్టు పొద్దున, వంటింటి బల్ల దగ్గర ముసలి డ్యూయీ, అతని భార్య ఓలీటా.

“ఫోను లాక్కుంటావేమే?”

“లాక్కుంటా. నువ్వు ఆ వాటాలు అమ్మడానికి వీల్లేదు డ్యూయీ.”

“చమురు గొట్టాల కంపెనీ వాడు మూడు నెలలకోసారి పంపే డబ్బు సగానికి కోశాడు. రేపు మిగతా సగమూ కోస్తాడు. అప్పుడెవడు కొంటాడు మన వాటాలు?”

“పత్తి తీతల దాకా ఆగు.”

“మనకి పత్తెక్కడిది? చేను లెడ్‌బెటర్‌కి అమ్మేసేగా ఇవి కొన్నాం!”

“ఆగమన్నా. అంతే.”

“పదేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరావు, అమ్మెయ్యి, అమ్మెయ్యి అని. తీరా నేను అమ్ముతానంటే...”

“అప్పుడు నువ్వేమన్నావు? బ్యాంకు ఇచ్చేదానికి నాలుగింతలు, మనం భాగస్తులం, కూర్చున్నచోటికే గొట్టంలోంచి డబ్బు కారుతుంది అన్నావు.”

“కారింది కదే!”

“కారినదాంట్లో సగానికి పైగా మనం పెట్టిన సొమ్మే తిరిగిచ్చాడట. లెక్కలు చూసే ప్రూయిట్ చెప్పలా?”

“మా నాన్న బావి సంగతీ ఇంతే. దుమ్ముగాలికి లేచిపోయి పక్కవాడి చేలో పడింది. మా నీళ్ళు మేం తోడుకోడానికి వాడికి అద్దె కట్టాం.”

“పోయిన క్రిస్మస్‌కి చెప్పినప్పుడు ఊరవతల పడింది ఆ బావి.”

“గాలి పెరిగింది. మాట మార్చకు. ఎందుకాగాలి?”

“ఆ సొమ్ముకి ఇన్నేళ్ళూ కట్టకుండా వాయిదా పడ్డ పన్నంతా, అమ్మితే ఒక్కసారే నెత్తిన పడుతుంది.”

“ఉంచుకుంటే వాటాలే చచ్చిపోతాయి. దొడ్లోకి తోలి తలుపేసిన ఎద్దులా ఉంది నా పని.”

“ప్రూయిట్ ఇంకోటి కూడా అన్నాడు.”

“మొగుడూ పెళ్ళాల్లో ఒకరు పోతే పాత పన్నంతా కొట్టుకుపోతుంది, మిగిలినవాళ్ళు హాయిగా అమ్ముకోవచ్చు అన్నాడు. శవాల మీద పేలాలు ఏరుకునే వెధవ! పోనీ, నేనే పోతాలే నీకోసం. గురువారం నాకు ఖాళీనే.”

“నీవల్ల కాదు. ఏ పనైనా సగంలో వదిలేస్తావు.”

“ఓలీటా.”

“ఏం?”

“పోయిన వారం లబ్బక్ వెళ్ళావు, మీ చెల్లెల్ని చూడ్డానికి.”

“ఊఁ.”

“ఇందాక ఫోను చేసింది. అక్క కనబడి ఏడాదయింది అంది.”

“దానికి మతిమరుపు.”

“దానికా? మన పెళ్ళిలో నేను తొక్కిన గౌను గురించి ఇప్పటికీ తిడుతుంది.”

“కాఫీ చల్లారిపోయింది. వేడి చేసుకొస్తా.”

“కూర్చో. ఎవర్ని చూశావు అక్కడ?”

“డాక్టర్ని.”

“ఏమన్నాడు?”

“నవంబరు అన్నాడు.”

“నవంబర్లో మళ్ళీ రమ్మన్నాడా?”

“కాదు. నవంబరు దాకా అన్నాడు. అప్పటికి చేలల్లో పత్తి తీయడం అయిపోతుంది కదా. ఈ నాలుగు నాళ్ళూ ఓపిక పట్టు డ్యూయీ. ఇప్పుడు అమ్మి ఆ పన్ను కట్టావంటే, ఒంటిగాడివి, ఏం పెట్టుకుని బతుకుతావు? అలా చూస్తావేం, ఏదైనా అను. నీ కోతలైనా కొయ్యి.”

“ఫోనిటివ్వు.”

“డ్యూయీ!”

“ఇటివ్వు. ఇప్పుడే అమ్మేస్తా. పన్నంతా కట్టేస్తా. ఇక నువ్వు చావాల్సిన పనేముంటుంది?”