ముంజేతి మీద వణుకు

అది కాదమ్మాయ్, వాచీ తీయమన్నావు, తీశాను. మోచెయ్యి మడవమన్నావు, మడిచాను. ఇప్పుడేమో "వణక్కండి ఆంటీ, లెక్క తప్పొస్తుంది" అంటే ఎలా? నేను కావాలని వణుకుతున్నానా? దానంతటదే వస్తోంది. ఆపడం నావల్లే అయితే ఇక్కడిదాకా ఎందుకొస్తాను?

నవ్వకు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. నవ్వానా, వెన్నులో... ఏం లేదు. ఏం లేదన్నాను కదా!

ముందొక్క ముక్క చెప్పు. సూది ఉండదు కదా? కొయ్యడాలూ గియ్యడాలూ? ఊఁ. ఈ మిషను బొడిపెని ముంజేతి మధ్యలో ఆనించి సన్నగా వణికిస్తావు. లోపల ఎముక ఏమాత్రం వంగుతోందో, ఎంత గట్టిగా ఉందో ఆ తెర మీద తెలుస్తుంది. అంతేనా? ఎముక వంగుతుందా తల్లీ? విరుగుతుందని తెలుసు గానీ...

దీనికి విరగదా? నీకెలా తెలుసు? నా ఎముకల సంగతి నీకేం తెలుసు?

సరే, సరే. అరవను.

అసలు నేను రోగినే కాదు. ఆ ముక్క నీ చీటీలో రాశారో లేదో. రోగి పైన, రెండో అంతస్తులో ఉంది. నా చెల్లెలు. తొడ ఎముక విరిగి నాలుగు రోజులైంది. నేను దానికి తోడు వచ్చినదాన్ని. ఇవాళ పొద్దున డాక్టరుగారు దాన్ని చూడ్డానికొచ్చి, దాన్నొదిలేసి నన్ను చూడ్డం మొదలెట్టారు. కింద పడ్డ దువ్వెన తీస్తున్నాలే. వంగలేక మోకాళ్ళ మీద కూలబడి తీశాను. "నడుం ఎప్పట్నుంచి అలా ఉంది? ఈమధ్య ఎత్తు తగ్గారా?" ఒకటే ఆరాలు! చీటీ రాసి చేతిలో పెట్టి కిందికి పొమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఎత్తు తగ్గడమేంటమ్మా? మా ఇంట్లో పై అరలో దారపు రీళ్ళుంటాయి. రెండేళ్ళుగా అందడం లేదు. నేను అర పైకి జరిగిందనుకున్నాను.

అరవై రెండు. రాసుకో.

చెల్లికి నాలుగో ఏట పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ దాన్ని నా చంకనేసి, "జాగ్రత్తే, పడెయ్యకు" అంది. బడికి మోశాను. వానలో మోశాను, ఎండలో మోశాను. అమ్మా నాన్నా పోయాక ఇద్దరమే మిగిలాం. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, అక్కణ్ణించి పని బల్ల దగ్గరికి. రోజుకి ఎన్నిసార్లో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. బడి పిల్లల యూనిఫారాలు కుడతాంలే మేం. కత్తిరించి కుట్టేది నేను. కాజాలు తీసి గుండీలు పెట్టేది అది. దాని కాజా చూడాలి నువ్వు! చొక్కా చిరుగుతుంది గానీ కాజా చిరగదు.

నాన్న దాన్ని పిచ్చుక అనేవాడు. పిచ్చుకట! ఇప్పుడొచ్చి ఎత్తితే తెలిసేది ఆయనకి. "పిచ్చుకవి కాదే, బస్తావి" అంటాను. "బస్తాకి నోరుండదక్కా, నాకుంది" అంటుంది. ఉంది, ఊరందరికీ సరిపోయేంత ఉంది.

మరి చెప్పు. రేపు నీ మిషను "ఈవిడ బరువెత్తకూడదు" అందనుకో. దాన్నెవరెత్తుతారు? మిషనొచ్చి ఎత్తుతుందా?

అమ్మో! మొదలెట్టేశావా? చెప్పాలి కదా!

నొప్పా? నొప్పేం లేదు. తేనెటీగ చెయ్యి మీద వాలి రెక్కలాడిస్తున్నట్టుంది. నొప్పి లేదనే నాకు భయం. నొప్పయితే అరిచి ఊరుకుంటాను. ఇదేమో మెల్లిగా లోపలికెళ్ళి, "ఏమే, నిజం చెప్పు, గట్టిగానే ఉన్నావా?" అని ఎముకనే అడుగుతోంది. ఎముక చెప్పేస్తుంది. దానికి అబద్ధమాడ్డం రాదుగా. నాకొచ్చు.

మాట్లాడొద్దా? మాట్లాడకపోతే పళ్ళు టకటకలాడుతున్నాయి, అది పర్లేదా?

ఇందాక అడిగావు, ఎప్పుడైనా ఎముక విరిగిందా అని. లేదన్నాను. అది కొట్టెయ్. తెలీదు అని రాయి.

నాలుగు రోజుల కిందటమ్మా. పొద్దున్న ఎనిమిదవుతోంది. స్నానం చేయించాను, తుడిచాను. ఎప్పట్లాగే దాని చంకల కింద చేతులేశాను. అది నా మెడ పట్టుకుంది. సగం లేచాం. నా వెన్నులో టక్కుమంది. ఎండుపుల్ల విరిచినట్టు. కళ్ళు బైర్లు కమ్మాయి, చేతులు...

వదిలేశాయి.

యాభై మూడేళ్ళలో ఏనాడూ వదల్లేదు. ఒట్టు.

అది గడప అంచు మీద పడింది. కాలు కిందకి మడతపడిపోయింది. అంత నొప్పిలోనూ నా మొహం చూసి ఏమందో తెలుసా? "నేనే కదిలానక్కా. సబ్బు నీళ్ళకి జారాను. నువ్వు కంగారుపడకు." తొడ విరిగినది నన్ను ఓదారుస్తోంది!

నేనేమన్నానో అడుగు. అడగవేం?

"అవును, నువ్వే కదిలావు. ఎన్నిసార్లు చెప్పాను కదలొద్దని!" అన్నాను. ఈ నోటితోనే. వెన్ను విరిగిందో ఏమో నాకు, తప్పు దానికి. నాలుగు రోజుల్నుంచి అది నాకు క్షమాపణలు చెబుతూనే ఉంది. నేను తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. రాత్రి నర్సమ్మ నొప్పి మాత్ర దానికిస్తుంటే, నాకూ ఒకటిమ్మని అడగడానికి నోరు రాలేదు.

ఎందుకంటే... అది ఎప్పుడో చెప్పింది. "నీ నడుం పోయిన రోజున నేను వికలాంగుల వసతి గృహానికెళ్ళిపోతానక్కా. నిన్ను చంపుకుని నేను బతకను." ఊరికే అనలేదు. దరఖాస్తు నింపి, గుండీల డబ్బా అడుగున పెట్టుకుంది. తేదీ ఒక్కటే ఖాళీ.

అయిపోయిందా? ఇంత తొందరగానా?

ఏమంటోంది? తెర నావైపు తిప్పొద్దు. నీ మొహం చూస్తే చాలు. బాగాలేదు. అవునా? పైన పటారం, లోన లొటారం.

వెన్నుకి ఎక్స్‌రే కూడానా. ఊఁ. మందులున్నాయా? వాడితే గట్టిపడతాయా? ఎంతోకొంతా... అప్పుడు మళ్ళీ ఎత్తొచ్చా? తల అలా అడ్డంగా ఊపకు తల్లీ, నోటితో చెప్పు.

పట్టీలేసి మనిషిని లేపే సాధనం ఉంటుందా? ఇంట్లో పెట్టుకోవచ్చా? ఒక్కళ్ళే తిప్పుకోవచ్చా?

మంచిదే. సంతోషమే.

మరి నేనేం చెయ్యను?

చూశావా, ఎంత పాపిష్టిదాన్నో! దానికో దారి దొరికిందంటే నా గుండె జారిపోయింది. అందరూ ఏమంటారు? "అక్క లేకపోతే పాపం చెల్లెలు ఏమైపోయేదో" అంటారు. నేనూ తల ఊపుతాను. పొద్దున్న లేవగానే మెడ చుట్టూ ఆ చేతులు లేకపోతే నేను ఏమైపోతానో ఎవరైనా అడిగారా? నన్ను నేనే అడగలేదు.

ఇంకొకటుంది. ఇదెవరికీ చెప్పలేదు. మూడేళ్ళ కింద మా వీధి చివర ఎముకల పరీక్షకి ఉచిత శిబిరం పెట్టారు. మడమకి జిగురు రాసి ఓ పెట్టెలో పెట్టి చూశారు. ఎరుపులో వచ్చింది. పెద్దాసుపత్రికెళ్ళి మందులు మొదలెట్టండి, బరువులు మానండి అన్నారు. బయటికొచ్చి ఆ కాగితం నాలుగు ముక్కలు చేశాను. ఇంటికెళ్ళి, "ఇనప ఎముకలటే నావి! డాక్టరే ఆశ్చర్యపోయాడు" అన్నాను. పిచ్చిది, చప్పట్లు కొట్టింది.

అప్పుడే మందు మింగుంటే, దాని కాలు ఇవాళ...

అనకు. ఏమీ అనకు. ఓదార్చడానికి పైన ఒకత్తి ఉంది, చాలు.

నీ మిషను కాగితం నా చేతికివ్వకమ్మాయ్. ఇచ్చావా, నేను రెండంతస్తులు ఎక్కేలోపు అది మంచి కాగితమైపోతుంది. నువ్వే పట్టుకుని రా. దాని ముందు నిలబడి, ఉన్నదున్నట్టు చదువు.

తర్వాత ఆ దరఖాస్తులో తేదీ వేసుకుంటుందో, నన్ను తిడుతుందో, దానిష్టం.