మ్యూజియం కంచె మేసిన బొమ్మ

మ్యూజియం ఎదురుగా ఉన్న టీ కొట్టులో మా చిత్రకారుడు కూర్చున్నాడంటే ఇక ఎవరి పనీ సాగదు. ఆ మధ్యాహ్నం కూడా గ్లాసు చేతికి రాగానే అందుకున్నాడు.

"బొమ్మ గీయడానికేముంది, ఎవడైనా గీస్తాడు. నేను గీసింది మాత్రం అలాంటిలాంటి బొమ్మ కాదు. రేపు పిల్లల కోసం కొత్త హాలు తెరుస్తున్నారు కదా, అందులో గోడంత పలక మీద రాక్షసబల్లి. మాంసం తినే రకం కాదు, పాపం, ఆకులూ అలములూ మేసుకు బతికేది. కానీ ఒళ్లంతా ఎముక బిళ్లలు, తోక చివర బండరాయంత గుండు. ఈ సాయంత్రానికి బొమ్మ అందకపోతే అచ్చేసిన పోస్టరు అంటించేస్తానంది మ్యూజియం మేడమ్. నాతోనా ఆ మాట అనేది? ఆ బిళ్లలు ఎంత గట్టిగా వచ్చాయంటే, ఓ గీత చెరపబోతే రబ్బరు అరిగిపోయింది గానీ గీత అరగలేదు."

"రబ్బరు పాతదేమో," అన్నాడు టీ కొట్టాయన.

"కొత్తదే. నువ్వు పాల సంగతి చూసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పలక వెనక తిరిగే ఎలుక ఒకటి అంచు కొరకబోయి ముందుపళ్లు ఊడగొట్టుకుంది. అంతటితో ఆగిందా? మర్నాడు పొద్దున తలుపు తీస్తే పలక ఖాళీ. కిటికీలోంచి చూద్దును కదా, మనవాడు తోటలో నిలబడి తాపీగా మొక్కల కంచె మేస్తున్నాడు. వాచ్‌మన్ అదిలిస్తే విసుగొచ్చి తోక అలా విదిల్చాడు, అంతే, ప్రహరీ గోడ మొత్తం పక్కకి జరిగింది. కావాలంటే వెళ్లి చూసుకోండి, గేటు ఇప్పుడు ఆ మూలకి పోయింది."

గేటు ఎప్పుడూ ఆ మూలే ఉందని మందుల షాపు ఆవిడ అంది. ఆవిడ ఈ వీధికి కొత్తని కొట్టిపారేసి మళ్లీ సాగించాడు.

"మరి వెనక్కి రప్పించడం ఎలా? పేరు పెట్టి పిలుద్దామంటే ఇంకా పేరే పెట్టలేదు. కుంచె తీసి ఖాళీ పలక మీద పచ్చగడ్డి గీశాను. ఆ వాసనకి బుద్ధిగా మెట్లెక్కి వచ్చి, గడ్డి నములుతూ తన చోట నిలబడ్డాడు. అప్పుడు నా వైపు ఓ చూపు చూశాడు చూడండి, మా అమ్మ పోయాక నన్నెవరూ అలా చూడలేదు."

మా నవ్వులు ఆగిపోయాయి. అప్పటిదాకా మూల బల్ల మీద వింటూ కూర్చున్న వడ్రంగి గ్లాసు కింద పెట్టాడు. ఆయన చిత్రకారుడి భార్యకి అన్న. ఆ బొమ్మకి ఫ్రేము బిగించి నేరుగా ఇటే వచ్చాడు, చొక్కా నిండా రంపపు పొట్టు.

"అంతా బాగానే ఉంది బావా. మరి ఏ నోటితో మేశాడు? ఇందాక బొమ్మ మీద కప్పిన గుడ్డ ఎత్తి చూశాను. మెడ దాకానే ఉన్నాడు. తల లేదు."

చిత్రకారుడు గ్లాసు పక్కన పెట్టేశాడు. ఈసారి మాటల్లో గొప్పలు లేవు.

"తవ్వకాల్లో వాడి తల ఎముక దొరకలేదు బావా. వాడి చుట్టాలు, అంటే ఆ జాతికి దగ్గరి బల్లుల తలలు చూసి గీయమంది మేడమ్. మీ చుట్టాల్ని చూసి నీ మొహం గీస్తే నువ్వు ఒప్పుకుంటావా? నేను తప్పు గీస్తే రేపొచ్చే పిల్లలకి జన్మంతా అదే మొహం గుర్తుండిపోతుంది. కుంచె పట్టుకుంటాను, భయమేసి దించేస్తాను."

వడ్రంగి నవ్వలేదు. "ఇందాకటి నుంచి ఎవరూ చూడనివే కదా చెప్తున్నావు. ఒక్కచోట కూడా తడబడలేదే. మా ముందు లేని భయం పలక ముందు ఎందుకొస్తోంది?"

చిత్రకారుడు సగం టీ వదిలేసి లేచాడు. వీధి దాటబోతూ ఆగి మా వైపు తిరిగాడు.

"నమిలేటప్పుడు వాడు ఎడమ కన్ను కాస్త మూసేవాడు," అన్నాడు.

నీకెలా తెలుసని ఈసారి ఎవరూ అడగలేదు.