మూడో అంకెకు చోటు

1956 నవంబరు 12వ తేదీ సోమవారం ఉదయం, నాంపల్లిలోని మన గణాంక కార్యాలయంలో శ్రీమతి ప్రభావతిగారు టైపిస్టుగా ఉద్యోగప్రవేశం చేశారు. రాష్ట్రం ఏర్పడి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. కర్నూలు నుంచి లారీల్లో వచ్చిన ఫైళ్లు వరండాలో గుట్టలుగా పడి ఉండగా, వాటి వెంట వచ్చిన నాబోటి గుంటూరు వాళ్లం ఎక్కడ కూర్చోవాలో తెలియక దిక్కులు చూస్తున్నాం. సుల్తాన్ బజారులో పుట్టి పెరిగిన ఆమె మా అవస్థ చూసి, తన కుర్చీ సంగతి మరిచి ముందు మాకు బల్లలు వేయించారు. ఆ వారంలోనే నాకు కిరాయి ఇల్లు కూడా చూసిపెట్టారు. ఈ 1978 జనవరి నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ సౌజన్యమూర్తిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. పొగడ్త ఆమెకు గిట్టదు కనుక, ఆమె సెలవులో ఉన్న రోజు చూసుకుని రాస్తున్నాను.

తొలి పదిహేనేళ్లూ ఆమె పట్టికలు టైపు చేశారు. అంకె కింద అంకె, చుక్క కింద చుక్క నిలబడేలా కొట్టడం ఆమెకొక వ్రతం. ఒక్క వరస పక్కకు ఒరిగినా కాగితం మొత్తం మళ్లీ కొట్టేవారు. తొందరపెట్టే మేము లోలోపల విసుక్కునేవాళ్లమే గాని, పైకి అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

1969లో మన ఆబిడ్స్ శాఖకు మొదటి కంప్యూటరు వచ్చింది. మూడేళ్లకు నాంపల్లికి మరో కంపెనీది వచ్చింది. ఒకే భాషలో రాసిన ప్రోగ్రాములను రెండూ స్వీకరించేవి గాని, ఒకే ఇంటి తోడికోడళ్లలా ఒకటి చేసినట్టు ఇంకొకటి చేసేది కాదు. అందుచేత, తేలిన లెక్కను కాగితంమీద ఎన్ని అంకెల వెడల్పులో, చుక్క ఎక్కడ పెట్టి, పేరు ఎక్కడ మొదలుపెట్టి అచ్చువేయాలో చెప్పే చిన్న చిన్న ప్రోగ్రాములను, రెండు యంత్రాలకూ పనికివచ్చేలా ఒక ఉమ్మడి కార్డుల పెట్టెలో సమకూర్చారు. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి, సరిగా ఉన్నాయని సంతకం చేసే గురుతర బాధ్యతను ప్రభావతిగారికి అప్పగించారు.

యంత్రానికి ఇవ్వబోయే అంకెను అట్టకార్డుమీద చిల్లులుగా పంచ్ చేయించి, అచ్చుపడవలసిన పంక్తిని ఆమె ముందుగానే తన చేత్తో టైపు చేసి ఉంచుకునేవారు. ఆ కార్డునే ఆబిడ్స్‌లో ఒకసారి, నాంపల్లిలో ఒకసారి నడిపించి, వచ్చిన కాగితాన్ని తన కాగితంమీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూసేవారు. అక్షరంమీద అక్షరం కూర్చోవాలి. ఖాళీలదేముంది, వదిలెయ్యమని నేనొకసారి అన్నాను.

“ఖాళీ గూడ అచ్చే సార్. గది జరంత జరిగినా ఒకని మార్కులు ఇంకొకని వరుసల వడ్తయ్” అన్నారు.

యంత్రాన్ని పరీక్షించడానికి పొడుగు పేర్లు కావాలంటూ మా కోస్తావాళ్ల భార్యల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా సేకరించారు. మా ఆవిడ వెంకటరత్నమ్మ పేరును నాంపల్లి యంత్రం సగంలో తెగ్గోసిందని తెలిసి, మా ఇంట్లో ఆ యంత్రానికి నేటికీ క్షమాపణ దొరకలేదు.

1974 వేసవిలో ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థవారి ప్రవేశపరీక్ష ఫలితాలు అచ్చువేసే పని మనకు వచ్చింది. మార్కుల గడికి రెండు అంకెల వెడల్పు. సున్న, ఒంటి అంకె, ముప్పయి అయిదు, తొంభై తొమ్మిది, గైర్హాజరు అన్నీ పెట్టి చూసి ఆమె సంతకం చేశారు. నాంపల్లి యంత్రం జాబితా అచ్చువేసింది. మనవాళ్లు దాన్ని గోడకు అంటించారు.

మర్నాడు చాదర్‌ఘాట్ నుంచి గాజుల దుకాణం నడుపుకునే కిష్టవ్వ అనే ఆమె వచ్చింది. ఆమె కూతురు అహల్యకు లెక్కల్లో రెండు సున్నలు పడ్డాయి. ఆ పిల్ల నిన్నటినుంచి ముద్ద ముట్టలేదట. పుస్తకాలు అటకెక్కించి, ఇక చదవను, దుకాణంలోనే కూర్చుంటానంటోందట. సీట్ల ఎంపిక చూస్తే రెండు రోజుల్లో ఉంది. కిటికీ దగ్గరి గుమాస్తా దరఖాస్తు పెట్టుకోమని ఆమెను పంపించేయబోయాడు.

“ఫేలయితె ఫేలని ఒప్పుకుంట అయ్యా. సున్న ఎట్లొస్తది? దుకాణంల లెక్కంత గామెనే చేస్తది” అని కిష్టవ్వ అంటున్న మాట, అటుగా పోతున్న ప్రభావతిగారి చెవిన పడింది. ఆమె గోడ దగ్గరికి వెళ్లి చూశారు. నిజంగా సున్న వచ్చినవాళ్లకు ఒక్క సున్నే పడాలి. రెండు సున్నలు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

అహల్య కార్డు తీయించి రెండు యంత్రాల్లోనూ నడిపించారు. ఆ పిల్లకు వచ్చినవి నూటికి నూరు. గడిలో పట్టని అంకె వస్తే ఆబిడ్స్ యంత్రం గడినిండా నక్షత్రం గుర్తులు వేసి గగ్గోలు పెడుతుంది. నాంపల్లిది మాత్రం ముందున్న ఒకటిని చప్పుడు చేయకుండా మింగేసింది. అన్నీ పరీక్షించిన ప్రభావతిగారు ఒక్క నూరును వదిలేశారు. లెక్కల్లో నూరు వేసే పరీక్షాధికారిని మాలో ఎవరమూ అప్పటిదాకా ఎరగం.

ఆ నెలలోనే ఆమెకు సూపర్‌వైజరుగా పదోన్నతి రావలసి ఉంది. అప్పటి మా అధికారి రామచందర్‌గారు మంచి మనసుతోనే, యంత్రం లోపమని రాసి సవరణ జాబితా అంటిద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ప్రోగ్రామును పరీక్షించడంలో లోపం తనదేనని రాసి సంతకం చేశారు. పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ విషయంలో పైవాళ్లమీద నాకు ఇప్పటికీ కోపమే. అభినందన సంచిక కదా అని దాచుకోలేను.

తప్పు బయటపడిన ఆ సాయంత్రమే సవరించిన కాగితం పట్టుకుని, నన్ను తోడు తీసుకుని ఆమె చాదర్‌ఘాట్ వెళ్లారు. అహల్య గాజుల అరల వెనక తల వంచుకుని కూర్చుని ఉంది. ప్రభావతిగారు కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టి, పక్కనే నేలమీద కూర్చున్నారు.

“తప్పు నీది గాదు బిడ్డా, నాది. నూటికి నూరు ఒస్తయని నేను అనుకోలే.”

ఆ పిల్ల మూడు అంకెలమీదా వేలు పెట్టి చూసుకుంది.

“నేను గూడ అనుకోలే అమ్మా” అని ఏడ్చేసింది.

ప్రభావతిగారు ఆ పిల్లను దగ్గరకు తీసుకుని తానూ కళ్లు తుడుచుకున్నారు. నేను గాజులు చూస్తున్నట్టు నటించాను. అహల్యకు సీటు వచ్చింది. నేడు ఒక బడిలో లెక్కలు చెబుతోంది.

అప్పటినుంచి ప్రభావతిగారు ప్రోగ్రాములకు పెట్టే ప్రతి పరీక్షలోనూ, ఎవరికీ రాదని మనమనుకునే అంకె ఒకటి ఉండితీరాల్సిందే. 1976లో ఆలస్యంగానైనా సూపర్‌వైజరు అయ్యాక, చేతికింది వాళ్లందరికీ అదే అలవాటు చేశారు. గత నెలలో పింఛనుదారుల జాబితా ప్రోగ్రాము ఆమె పరీక్షకు వచ్చింది. వయసుకు మేము రెండు అంకెల చోటే ఉంచాం. ఆమె నూరేళ్ల పింఛనుదారు కార్డు ఒకటి పెట్టారు. నాంపల్లి యంత్రం ఆ వృద్ధుణ్ని పురిటిబిడ్డను చేసి కూర్చుంది. నూరేళ్లదాకా పింఛను తీసుకునేది ఎవరండీ అని మేమంతా నవ్వాం.

“ఒకరన్న ఉండాలె గద సార్” అంటూ ఆమె గడి వెడల్పు చేయించారు.

ప్రభావతిగారూ, వచ్చే నెలనుంచి ఆ జాబితాలో మీ పేరు అచ్చుపడుతుంది. శ్రీవారు సదాశివగారితో, పిల్లలతో, మనవలతో, ఆయురారోగ్యాలతో, చీకూ చింతా లేకుండా మీరు ఉండాలి; ఏటేటా ఆ గడిలో అంకె పెరుగుతూ పోవాలి. కిటికీ వెలుతురులో పెట్టి సరిచూడటానికి మాలో ఎవరం మిగలకపోయినా సరే, అక్కడ మూడో అంకె మొట్టమొదట మీ పేరు పక్కనే పడాలి.