ముందు ఎడమ చక్రం

ఇంటి కింద కారు షెడ్డు. శనివారం, ఉదయం తొమ్మిదిన్నర. సొట్టపడిన కారు పక్కన అన్న నిలబడి ఉన్నాడు. చెల్లెలు కారు కింద దూరి ఉంది.

“బయటికి రా ముందు. బట్టలన్నీ మురికి.”

“మురికి కావడానికే కుట్టించుకున్న బట్టలివి అన్నయ్యా. ఆ టార్చి కాస్త ఇటు పట్టు.”

“పట్టను. నిన్నెవరు పిలిచారసలు? పదింటికి క్రేను బండి వస్తుంది, కారుని కంపెనీ షోరూముకి తీసుకెళ్తుంది. అయిపోయింది.”

“ఎవరూ పిలవలేదు. వదిన మొన్న ఫోన్లో ఏడిస్తే వచ్చాను.”

“తను ఈ తొమ్మిది రోజులూ ఏడుస్తూనే ఉంది, కొత్తేముంది? లే. లేచి చేతులు కడుక్కో.”

“కారు మా గ్యారేజీకి పంపు.”

“మళ్ళీ మొదలెట్టావా?”

“ఒక్క రోజు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాం.”

“మీ గ్యారేజీ! నలభై ఊళ్ళలో నలభై బ్రాంచీలు, ఎక్కడ చూసినా అదే ఎర్ర గోడ, అదే కాఫీ మిషను. అన్ని కంపెనీల బళ్ళూ ఒకే కప్పు కింద. పొద్దున లారీ చక్రం విప్పినవాడు మధ్యాహ్నం నా ఇంజన్లో చెయ్యి పెడతాడు.”

“లారీలు చెయ్యం.”

“మాటవరసకన్నాను. కంపెనీవాళ్ళు అలా కాదు, పొద్దున లేస్తే ఈ ఒక్క రకం బండే. సర్వీసు పుస్తకంలో ముద్ర పడుతుంది. వారంటీ పోదు. రేపు అమ్ముకోవాలన్నా…”

“ఆ ముద్ర నాలుగేళ్ళు నేనే కొట్టాను అన్నయ్యా. దాని బరువెంతో నాకు తెలుసు.”

“తెలిసీ వదిలేసి పోయావు. ఆడపిల్ల మెకానిక్కేంటని షోరూమంతా నవ్వుతుంటే, నా క్లాసుమేటు కాబట్టి ఆ మేనేజరు నీకు ఉద్యోగమిచ్చాడు. రెండు నెలల కింద నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మానేసి, పక్క వీధి గ్యారేజీలో చేరావు. వాడికి నా మొహం ఎలా చూపించను?”

“మొహం సంగతి తర్వాత. ఇదిగో, నా వేలు చూడు.”

“ఏముంది? నూనె.”

“బ్రేకు ఆయిలు. ముందు ఎడమ చక్రం లోపలి వైపంతా తడి.”

“గుద్దుకున్నప్పుడు ఏదో చిట్లి ఉంటుంది.”

“గుద్దుకుంది కుడివైపు. సొట్టా కుడివైపే ఉంది. ఎడమ చక్రానికేమవుతుంది?”

“నాకేం తెలుసు? అందుకేగా కంపెనీకి పంపుతున్నా. వాళ్ళే చూస్తారు.”

“సరే, ఇంకోటి అడుగుతాను. ఆ రోజు ఆస్పత్రి నుంచి కారు ఇంటికెలా తెచ్చావు?”

“క్రేను మీద.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? గుద్దుకున్న కారుని…”

“బంపరు సొట్టపోయింది, అంతే. రేడియేటరు బాగుంది. ఇంజను స్టార్టవుతోంది, క్రేనువాడి కోసం నువ్వు దింపిన తాళాలతో ఇప్పుడే చూశాను. నడుపుకుంటూ రావచ్చుగా? బ్రేకులు శుభ్రంగా ఉన్నాయనేగా వదినతో అన్నావు.”

“లాయరులా పట్టుకున్నావేంటే? కంగారులో ఉన్నాను. కాళ్ళూ చేతులూ ఆడలేదు. క్రేను పిలిచాను. తప్పా?”

“తప్పని ఎవరన్నారు?”

“టైమెంత? తొమ్మిది నలభై. ఈ క్రేనువాడు ఫోనెత్తడేం?”

“అయ్యో, నువ్వెప్పుడొచ్చావు? పైకి రాకుండా ఈ షెడ్డులో కూర్చున్నావేం?”

“ఇప్పుడే వదినా. ఎక్కడికి బయల్దేరావు? ఇవాళ నీకు ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ లేదుగా?”

“ల్యాబు లేదులే. ఆస్పత్రికే, ఆ వాచ్‌మన్‌ని చూసొస్తాను. పాదానికి ఇవాళ కట్టు మారుస్తారట. పాపం వాళ్ళావిడ ఒక్కతే ఉంది.”

“బస్సులోనా?”

“మరి? నేనింక స్టీరింగు ముట్టుకోను. తాళాలు మీ అన్నయ్య బీరువాలో పెట్టేశారు. మంచిపనే చేశారు.”

“వదినా, ఒక్క నిమిషం. ఆ రోజు అసలేమైందో నాకు సరిగ్గా చెప్పు.”

“బుల్లీ, ఇప్పుడవన్నీ ఎందుకు? తనకి బస్సు తప్పిపోతుంది.”

“చెప్పనీ అన్నయ్యా.”

“చెప్పడానికేముంది? ఆస్పత్రి కింద పార్కింగులోకి దిగుతున్నాను. బాగా వాలు. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. స్తంభానికి గుద్దాను. కుర్చీలో ఉన్న వాచ్‌మన్ లేచి తప్పుకునేలోపే చక్రం పాదం మీదెక్కింది.”

“అది ఇన్సూరెన్సుకి నువ్వు రాసిచ్చిన కాగితం. నేనడిగింది ఏమైందని.”

“అదే అయింది.”

“ఆ రోజు ఫోన్లో అలా చెప్పలేదే. ‘తొక్కాను, పట్టలేదు, కాలు నేలదాకా దిగిపోయింది’ అన్నావు.”

“అన్నాను. అప్పుడలాగే అనిపించింది. తర్వాత మీ అన్నయ్య కూర్చోబెట్టి అడిగారు, ఏ కాలితో తొక్కావు, మధ్య పెడలా, చివరిదా, సరిగ్గా చూసే తొక్కావా అని. పదిసార్లు అడిగేసరికి నాకే తికమక. నలభై రెండేళ్ళకి నేర్చుకున్న డ్రైవింగాయె. పట్టుమని మూడు నెలలు నడిపానో లేదో. అయినా బ్రేకెందుకు పట్టదు చెప్పు? మూడు నెలల కిందేగా కంపెనీలో సర్వీసు చేయించాం. చేసింది కూడా నువ్వేనటగా. నీ చేతిలో పడిన బండికి వంకేముంటుంది? వంక నా కాలిది. నిద్రలో కూడా తొక్కుతూనే ఉంటాను, ఏది తొక్కుతున్నానో తెలీదు.”

“వదినా…”

“వస్తానమ్మా. పైకెళ్ళి ఏదైనా తిను, అన్నం కుక్కర్లో ఉంది. ఏవండీ, గ్యాసు కట్టేశాను.”

“ఆ, ఆ. వెళ్ళిరా… వెళ్ళింది. చూశావా? తన నోటితోనే చెప్పింది. తనే ఒప్పుకుంది.”

“ఒప్పుకోలేదు. నువ్వు ఒప్పించావు.”

“ఇన్సూరెన్సువాడికి ఏదో ఒకటి రాసివ్వాలి కదే! ఏదో జరిగింది, ఎలా జరిగిందో తెలీదు అంటే ఊరుకుంటాడా?”

“అన్నయ్యా, కూర్చో. నీకొకటి చెప్పాలి.”

“నిలబడే వింటాను, చెప్పు.”

“ఆ సర్వీసు… అది నెలాఖరు. ఆ రోజు నా ఒక్కదానికే పదకొండు బళ్ళు. సర్వీసు కాగితంలో ముప్ఫై రెండు గళ్ళుంటాయి. చక్రాలు విప్పి బ్రేకులు చూడడం పంతొమ్మిదో గడి. నీ కారు దగ్గరికొచ్చేసరికి సాయంత్రం ఆరయింది. మేనేజరు వచ్చి, ‘మీ అన్నయ్య బండేగా, మనవాడే, ఏమీ అనడు. ఆయిలు మార్చి, నీళ్ళు కొట్టి పంపెయ్’ అన్నాడు. ఇంకెవరిదైనా అయితే భయంతోనైనా విప్పేదాన్ని. నీది కాబట్టే విప్పలేదు. మనింట్లోనే ఉండే కారు కదా, తీరిగ్గా వచ్చి చూద్దాంలే అనుకున్నా. వింటున్నావా? అప్పుడు విప్పి ఉంటే, ఇప్పుడు ఆయిలు కారుతున్న ఆ బ్రేకు పైపు పగులు కనపడేది. ముప్ఫై రెండు గళ్ళకీ టిక్కులు పెట్టి, కింద సంతకం చేసింది నేను. ఆ తర్వాత కూడా రోజూ అదే పని. ఓ నెల తిరక్కుండానే ఇక అక్కడ ఉండలేక మానేశాను. అందుకే మానేశాను. నీకు చెప్పడానికే నోరు రాలేదు.”

“సరే.”

“సరేనా? సరే ఏంటి?”

“సరే, అయిందేదో అయింది. నీ తప్పేం లేదు. ఎక్కడా అనకు. మీ వదిన దగ్గర అసలే అనకు.”

“అన్నయ్యా, నువ్వు చెంప పగలగొడతావనుకుంటూ వచ్చాను. ఇంకెప్పుడూ గడప తొక్కొద్దంటావనుకున్నాను. ‘సరే’ అంటావనుకోలేదు.”

“కొట్టి ఏం చెయ్యను? వాడు చెప్పినట్టు చేశావు. వాడే అన్నాడు, పిల్లదేం లేదురా, నేనే తొందరపెట్టాను అని.”

“ఎవడు? మేనేజరా? మేనేజరు నీకు చెప్పాడా?”

“అంటే… ఏదో మాటల మధ్యలో.”

“ఎప్పుడు?”

“మొన్నెప్పుడో. గుర్తులేదు.”

“వదిన గుద్దిన తర్వాతేనా?”

“ఆ. తర్వాతే. తర్వాతే అనుకుంటా.”

“అనుకుంటావా?”

“అరవకు. పక్కింటివాళ్ళు బయటే ఉన్నారు.”

“అరవడం లేదు. విను. హెడ్డాఫీసువాళ్ళు తనిఖీకొచ్చి ఆ నెల కాగితాలన్నీ తిరగేశారట. షోరూములో నాతో పనిచేసినమ్మాయి నిన్ననే చెప్పింది. విప్పకుండా టిక్కు పెట్టిన బళ్ళు ముప్ఫై ఒకటి తేలాయి. బండి తీయకండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం అని అందరికీ ఫోన్లు చేశారు. నీ పేరు పక్కన మాత్రం ‘నేను చెప్పుకుంటా’ అని మేనేజరు రాసుకున్నాడట. చెప్పి ఉండడు, స్నేహితుడి దగ్గర పరువు పోతుందని మింగేసి ఉంటాడు అనుకున్నా. ఆ కోపంతోనే వచ్చాను నేను. నీ మీద కోపంతో కాదు. ఆ ఫోన్లు చేసింది సోమవారం అన్నయ్యా. వదిన గుద్దింది గురువారం.”

“హారన్ వినపడింది. క్రేను వచ్చినట్టుంది.”

“రాలేదు. నా వంక చూడు. ఫోన్ చేశాడా? చేశాడా లేదా?”

“చేశాడు.”

“సోమవారం?”

“సోమవారం సాయంత్రం. కానీ నడపొద్దని గట్టిగా చెప్పలేదే, ఒట్టు. ‘ఖాళీ చూసుకుని తీసుకురా, ఏం ఉండదులే, ఓసారి చూసినట్టుంటుంది’ అన్నాడు. ఆఫీసులో ఆ వారం ఊపిరాడలేదు. ఆదివారం పంపిద్దాంలే అనుకున్నా. రెండు రోజులు నేనే నడిపాను. బాగానే ఉంది. బుధవారం మాత్రం పెడలు కొంచెం మెత్తగా దిగినట్టనిపించింది. కొంచెమే.”

“తెలిసీ గురువారం పొద్దున తాళాలిచ్చావా?”

“తనకి డ్యూటీ టైమైపోతోంది. అడిగింది. ఎందుకివ్వనని చెప్పను? మూడు రోజులుగా వాయిదా వేస్తున్నానని చెప్పనా? ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నా. కావాలని చేస్తానా నేను?”

“కావాలని చెయ్యలేదు. తర్వాత కూర్చోబెట్టి రాయించావే, అది కావాలని చేశావు.”

“ఏం చెయ్యమంటావు? ఫోన్ వచ్చిందని బయటపడితే కేసు నా మీద. ఆ వాచ్‌మన్ తరపువాళ్ళు ఊరుకుంటారా? నా ఉద్యోగం ఉంటుందా? తనదైతే కొత్తగా నేర్చుకున్న మనిషి, పొరపాటున తొక్కిందని వదిలేస్తారు. ఇల్లంతా మునిగిపోకుండా చూశాను.”

“వదిన ఒక్కత్తీ మునిగితే చాలనుకున్నావు.”

“పెద్ద మాటలు మాట్లాడకు.”

“ఇప్పుడు కారు కంపెనీకెళ్తుంది. మేనేజరు ఆ పైపు తీసి పారేసి, కొత్తది బిగించి, బ్రేకులన్నీ సరిగ్గానే ఉన్నాయని ముద్ర కొట్టిస్తాడు. అంతేగా ఒప్పందం?”

“వాడూ బతకాలి, నేనూ బతకాలి. నువ్వు మాత్రం? నీ సంతకమూ ఉందిగా అందులో. నిన్నూ కాపాడుతున్నా.”

“నన్ను కాపాడొద్దు.”

“బుల్లీ…”

“మా గ్యారేజీలో అందరూ సాధువులని చెప్పను. బాగున్న వైపర్లు కూడా మార్చమంటారు. కానీ లిఫ్టు మీదకెక్కిన బండికి ప్రతి చక్రం ఫొటో తీస్తారు. మేమైనా చెరపలేం. ఆ ఫొటో తీసుకుని, నా సంతకం సంగతి కూడా నేనే వెళ్ళి చెప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ. రేపట్నుంచి స్కూటర్లకి పంచర్లు వేసుకుంటా.”

“నీ కాళ్ళు పట్టుకుంటానే. ఈ ఒక్కసారికి…”

“నా కాళ్ళెందుకు అన్నయ్యా?”

“సార్! గేటు మొత్తం తియ్యండి, క్రేను లోపలికి తిప్పాలి. ఇదేనా బండి? కంపెనీ షోరూములోనే కదా దింపమన్నారు?”

“అవునయ్యా, అక్కడికే. నువ్వు తాడు కట్టు, నేను…”

“అక్కడికొద్దు. ఆ అమ్మాయి ఎక్కడ దింపమంటే అక్కడ దింపండి డ్రైవరుగారూ.”

“వదినా! బస్సెక్కలేదా?”

“వీధి చివర చెప్పు తెగింది. ఇంకో జత వేసుకుందామని వచ్చి, మెట్ల మీదే కూర్చుండిపోయాను.”

“నువ్వు… నువ్వెప్పటి నుంచి ఇక్కడ…”

“సోమవారం దగ్గర్నుంచి విన్నాను.”

“చూడు, కోప్పడకుండా ముందు నేను చెప్పేది…”

“కోపం కాదండీ. ఆ రోజు తాళాలు నా చేతిలో పెట్టి, ఎన్నడూ లేనిది గేటు దాకా వచ్చి, ‘మెల్లగా వెళ్ళు’ అన్నారు చూడండి, నా మీద ఇష్టంతో అన్నారనుకుని ఆస్పత్రి దాకా దారంతా మురిసిపోతూ నడిపాను.”