ఆదెమ్మ నాలుక

ఆదెమ్మ అని ఉండేదంట కాలవగట్టు మీద, పోతయ్య పెళ్ళాం. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ వంట సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. వంటంటే గారెలూ పులిహోరలూ అనుకునేరు, అవేం కావు. ఉన్నదాంతో వండటం. ఆ ఏడు కోతలకి ముందే వాన పడి చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయంట. మొలకలొచ్చిన వడ్లే ఎండబెట్టుకుని దంచుకు తిన్నారు జనం. అలాంటప్పుడు కూడా ఆదెమ్మ పెరట్లోకెళ్తే వట్టిచేతుల్తో తిరిగొచ్చేది కాదు. ఆనపకాయ కోసిందనుకో, కాయ కూరలోకి, తొక్క పచ్చడిలోకి, గింజలు వేయించి కారప్పొడిలోకి. తోటకూర పీకిందనుకో, ఆకు పప్పులోకి, కాడలు పులుసులోకి. బియ్యం కడిగిన నీళ్ళు చిక్కుడుపాదుకి, గిన్నెలు తోమిన నీళ్ళు అరటిచెట్టుకి. గెల కోసేశాక ఆ చెట్టునీ వదిలేది కాదు, లోపలి దూట తీసి సన్నగా తరిగి ఆవపెట్టి కూర చేసేదంట. పక్కిళ్ళ పిల్లలు గిన్నెలట్టుకుని వచ్చేసేవోరు, ఆదెమ్మత్తా కూసింత పులుసు పొయ్యవా అని. పోసేది. పోసి, ఎలాగుందో మీ అమ్మని అడిగిరారా అనేది. అదీ ఆవిడ గొప్ప. ఒంటిమీద బంగారమా, చదువా, ఇంకో గొప్పేం లేదు పాపం.

ఏమైందంటే, ముసురు రోజుల్లో ఆవిడకి జొరం తగిలింది. మంచం దిగలేదు. కొత్తకోడలు మాణిక్యం, కొడుకు గవర్రాజు పెళ్ళాం, గంజి కాచి పోసింది, తడిగుడ్డ వేసింది, కంటికి రెప్పలా చూసిందంట. జొరం దిగింది. లేచి కూర్చుని కోడలు పెట్టిన చారు తాగితే ఏముందీ, వేణ్ణీళ్ళు! ఇదేం చారే, ఇందులో చింతపండు వేశావా చూపించావా అంది. వేశానత్తయ్యా అంది పిల్ల. ఆదెమ్మ లేచి జాడీ మూత తీసి మాగాయ ముక్క నోట్లో పెట్టుకుంది. కారం మాత్రం మండింది. పులుపు లేదు, ఉప్పు లేదు. వాసనా లేదు. ఉప్పుగల్లు తీసి నాలిక్కి రాసుకుంది. ఇసక. అంతే, ఇసక రాసుకున్నట్టుందంట. ఆవిడ పొయ్యి ముందు కూలబడిపోయింది. ఇది పోతే నేనెవర్ని ఈ ఇంట్లో, అనుకుంది. మీరైతే ఏం చేసేవోరో గానీ ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పలేదు. గరిటె తీసుకుంది, వంట మొదలెట్టింది.

చెయ్యి ఎరుగుదును అంటది కదా, కొన్నాళ్ళు చెయ్యే వండిపెట్టింది. ఇంత బియ్యానికి ఇంత, ఇంత పప్పుకి ఇంత. కానీ రుచి చూసుకునే అలవాటున్న మనిషికి, వేశామా లేదా అనేది గుర్తుండదు, నాలుకే చెప్పాలి. ఒకరోజు చింతచిగురు పప్పులో ఉప్పు వేసింది, పొయ్యి ఊదుకుంది, మళ్ళీ వేసింది. పోతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని కంచం తోసేశాడు. ఏమే, దీన్ని సముద్రంలో కడిగావా అన్నాడు. ఈలోగా తలుపు చాటునుంచి మాణిక్యం అందీ, "నేనే వేశాను మావయ్యా. అత్తయ్య వేశారని చూసుకోలేదు."

ఇప్పుడు ఆదెమ్మ ఏమనుకోవాలి? అమ్మయ్య, నా తల్లి కాపాడింది అనుకోవాలి కదా. అనుకోలేదు. ఓహో, దీనికి తెలిసిపోయింది, ఎప్పట్నుంచి నా వెనకాల నుంచుని చూస్తందో, రేపోమాపో నా చేతిలో గరిటె లాక్కుంటది, అనుకుంది. పోతయ్య అలా బయటికెళ్ళగానే, "నా కూరలో వేలు పెట్టమని ఎవరు చెప్పారే నీకు?" అని పిల్లమీద విరుచుకుపడింది. మాణిక్యం తలొంచుకుని కంచాలు తీసుకెళ్ళిపోయింది. ఆ తరవాత ఓరోజు పులుసు చప్పబడింది. ఓరోజు మజ్జిగపులుసు పుల్లగా అయిపోయి పళ్ళు జివ్వుమన్నాయంట. ప్రతిసారీ పిల్ల, నేనే మావయ్యా, నేనే మావయ్యా. పోతయ్యకి తిక్కరేగింది. వీళ్ళమ్మ దీనికి పొయ్యి ముట్టించడం కూడా నేర్పలేదు, పుట్టింటికి పంపేయండి, నేర్చుకునే రమ్మనండి అన్నాడు. గవర్రాజు వాళ్ళమ్మకేసి చూశాడు, ఏదన్నా అంటదేమోనని. ఆదెమ్మ పొయ్యికేసి చూసింది.

పిల్ల బట్టలు మూట కట్టుకుంది. వెళ్తా వెళ్తా పెరట్లోకొచ్చి, చిక్కుడుకాయలు కోస్తన్న అత్తగారి పక్కన నుంచుంది. "అత్తయ్యా, ఉప్పు చేత్తో వెయ్యకండి. కొబ్బరిచిప్పతో వేసి, వేశాక చిప్ప బోర్లించేయండి. బోర్లించి ఉంటే వేసినట్టు," అంది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆదెమ్మ తలెత్తి చూడలేదు. చూసేసరికి పిల్లనెక్కించుకుని కాలవలో పడవ వెళ్ళిపోయింది.

ఆ పూటే చిప్పతో వేసింది. బోర్లించింది. పోతయ్య తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. మీసం తుడుచుకుని ఏమన్నాడో తెలుసా, "చూశావటే, ఆ పిల్ల గుమ్మం దాటిందో లేదో కూర బాగుపడింది." ఇదిగో, అక్కడ తగిలిందండీ ఆవిడకి. తిట్టినా అంత తగిలేది కాదు. చెప్పేద్దామని నోరు తెరిచి, ఇంకో గరిటె కూర వడ్డించేసింది. తెల్లారి చిక్కుడుకాయలు ఒళ్ళో కట్టుకుని, నేనెళ్ళి కోడల్ని తెచ్చుకుంటా అని పడవెక్కేసింది. తెచ్చుకుంటా అంది గానీ, చెప్పేస్తా అని మాత్రం అప్పటికీ అనుకోలేదు. ఉన్నమాట చెపుతున్నాను.

అక్కడ వియ్యంకుడు సింహాద్రి మొహం ముడుచుకుని కూర్చున్నాడు. వియ్యపురాలు సుభద్ర కాళ్ళకి నీళ్ళిచ్చింది గానీ కళ్ళలోకి చూడలేదు. వంట రాదని పిల్లని వెనక్కి పంపితే ఏ తల్లి చూస్తదమ్మా? అందుకని ఏం చేశారంటే, మా పిల్ల చేతివంట తిని చెప్పండి వదినా అని మాణిక్యం చేతే వండించారు. బీరకాయ పాలుపోసిన కూర. పిల్లకి అత్తగారు ఎందుకొచ్చిందో తెలీదు, నాన్న కోపం తెలుసు. ఆ కంగార్లో కూరలో ఉప్పే వెయ్యలేదు. ముందు ఆదెమ్మకి వడ్డించారు. అందరూ చుట్టూ నుంచున్నారు, ఆవిడ నోరెలా కదుల్తదో చూస్తా. ఆదెమ్మ కలిపింది, మింగింది. పిల్ల పరువు నిలబెట్టాలని పెద్దగొంతుతో, "ఆహా! ఉప్పూ కారం ఎంత బాగా కుదిరాయమ్మా, మా ఇంట్లో ఎవరి చేతికీ ఇలా కుదరదు," అంది.

సింహాద్రి పొంగిపోయి తనూ కంచం ముందేసుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టాడు. మొహం నల్లబడిపోయింది. "అమ్మా ఆదెమ్మా, ఇందులో ఉప్పే లేదు. పిల్లని పంపించింది చాలక ఇంటికొచ్చి మరీ ఎగతాళి చేస్తన్నావా?" అన్నాడు. ఆదెమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. వంటింట్లోంచి మాణిక్యం పరిగెత్తుకొచ్చింది, "కాదు నాన్నా, అత్తయ్యకి చప్పిడి కూరే ఇష్టం, నేనే కావాలని..." అంటా. మళ్ళీ మొదలెట్టింది చూశారా? ఇంక ఆదెమ్మ వల్ల కాలేదు. "చాల్లేవే, ఎన్ని అబద్ధాలాడతావే నాకోసం," అని, "అన్నయ్యా, నా నాలుక పోయింది. జొరంతో పోయింది. ఉప్పు తెలీదు, పులుపు తెలీదు, ఏం తెలీదు. కూరలు పాడుచేసింది నేను. ఇది నామీద పడకుండా తన నెత్తిన వేసుకుంది. నేను నోరుమూసుకుని పంపించేశాను," అంది.

సింహాద్రి నీళ్ళచెంబు కేసి చూస్తన్నాడు. ఆదెమ్మ ఇంక తిట్లకి సిద్ధపడి కూర్చుంది. అప్పుడు సుభద్ర వచ్చి పక్కన కూర్చుని అడిగిందంట, "అప్పట్నుంచీ అన్నం ఎలా మింగుతున్నావొదినా?" అని. చూడండి, ఆవిడకి అంతవరకూ కూర పాడైపోతంది, పరువు పోతది, గరిటె పోతది, ఇదే గోల. ముద్ద దిగక తను చిక్కిపోయిన సంగతి తనకే తట్టలేదు. ఆ మాటకి ఆదెమ్మ చంటిపిల్లలాగ బావురుమంది. మాణిక్యం లోపలికెళ్ళి ఉప్పు తెచ్చి అత్తగారి కంచంలో చిటికెడు చల్లి, తనే కలిపింది. నాకెందుకే, తెలీదుగా అంది ఆదెమ్మ. "తెలీకపోతే మాత్రం, చప్పిడి తింటారేంటి?" అంది పిల్ల.

ఇద్దరూ ఒకే పడవలో వచ్చారు. ఆదెమ్మ గుమ్మంలోనే మొగుడికి మొత్తం చెప్పేసింది. పోతయ్య విన్నాడు. తప్పయిపోయిందమ్మా అని కోడలితో అన్నాడా అంటే, అనలేదు. నవ్వకండి, ఎదురుగా కూర్చున్న మగాళ్ళు మీరూ అంతే. పార తీసుకుని పెరట్లోకెళ్ళాడు, పిల్ల పుట్టింటినించి తెచ్చుకున్న గోంగూర విత్తులకి మడి కొట్టాడు. చెమట్లు కారేలా కొట్టాడంట. ఆ మడికి రోజూ నీళ్ళు తనే పోసేవోడు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవోడు కాదు.

అప్పట్నుంచి ఆ వంటిల్లు చూడాలి. ఆదెమ్మ పొయ్యి దగ్గర, మాణిక్యం పక్కన. ఇది చూడవే అంటే పిల్ల అరచేతిలో వేసుకుని నాకి, ఇంకో చిటికెడత్తయ్యా అనేది. ఆనప తొక్కలో నువ్వులేస్తే ఎలాగుంటది అత్తయ్యా అనేది ఓసారి. ఏమో, నాకేం తెలుసు, వేసి చూడు అనేది ఆవిడ. మాటల్తో మాటలు కలిసి పొయ్యి మీద కూర మాడిన రోజులు కూడా ఉన్నాయనుకో. మధ్యలో ఆగిపోయిన పక్కిళ్ళ పిల్లల గిన్నెలు మళ్ళీ వచ్చాయి.

తరవాత నాలుక బాగుపడిందా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. దానికి నేను చెప్పేదేంటంటే, ఓ వేసంగిలో మా అమ్మమ్మ ఆదెమ్మ వాళ్ళ పెరటి దారిన వెళ్తంటే ఆవిడ గోడచాటున ఒక్కతీ కూర్చుని రాచ ఉసిరికాయ కొరుకుతోందంట. కొరికి, కన్ను మూసి, మొహమంతా వంకర్లు తిప్పి, లొట్టలేస్తోందంట. ఏమే ఆదీ, రుచి తెలిసిందేంటే అని మా అమ్మమ్మ గబుక్కున అడిగేసింది. ఆదెమ్మ ఉలిక్కిపడి, వంటింటి కేసి ఓ చూపు చూసి, "నోరుమూసుకోవే, పిల్ల వింటది!" అని, మిగతా కాయ అమ్మమ్మ నోట్లో కుక్కేసిందంట.