కండ్లు దిద్దినంక

ధూల్‌పేట్‌లో వినాయకుల బొమ్మలు చేసే షెడ్డు. ఏడో నెల స్కానింగుకు ఒంటరిగా పోయి వచ్చిన నందిని చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి ఉంది. ఇంకా కండ్లు దిద్దని విగ్రహం వెనక కూర్చొని, దాని తలలోని పగులుకు ప్లాస్టర్ మెత్తుతున్నాడు ఆమె భర్త నందు.

“మోసం కాదే, రివాజు. కొనే కమిటీవాళ్లు చూడకముందే పగులు పూడ్చాలె.”

“పూడ్చినంక తెలిస్తే?”

“కండ్లు దిద్దినంక బొమ్మ గాదు, దేవుడు. దేవుణ్ని ఎవడు వాపస్ తెస్తడు? బాపు కాలం నుంచి ఒక్కడు తేలే.”

“మస్తు తెలివి.”

“స్కానింగుల ఏమన్నరు? బిడ్డ కండ్లు తెరిచిందా?”

“మళ్ల గదేనా? రోజూ గదే అడుగుడు. తెరుస్తున్నదంట, మూస్తున్నదంట.”

“తెరిచిందా! పక్కా?”

“గంత సంబురమేంది? మెదడు సంగతి అడుగవేంది?”

“అడిగేదేమున్నది? మంచిగనే ఉన్నది గద.”

“ఐదో నెలల మెదడుల నీళ్లు ఎక్కువున్నయన్నరు. ఎమ్మారై తీసిన్రు. నేను జ్వరంతోని పండుకుంటే డాక్టర్ల మాట ఇననీకి నువ్వొక్కనివే పోయినవ్.”

“పోయిన. నీళ్లు తగ్గినయన్నరు. చెప్పిన గద.”

“తగ్గినయా?”

“తగ్గినయే.”

“మరి ఇయ్యాల డాక్టరమ్మ గట్లెందుకన్నది?”

“ఎట్ల?”

“‘అన్నీ తెలిసే ఉంచుకున్నవా అమ్మా’ అని.”

“దినాం వందమందిని చూస్తది. ఇంకెవరో అనుకున్నది.”

“తెర మీద చూపిచ్చింది. తల నిండ నలుపే. నడుమ ఉండాల్సింది లేనే లేదంట. నడువదంట, మాట రాదంట. ఎమ్మారై రిపోర్టు వచ్చిన్నాడే మీ ఆయనకు చెప్పినమన్నది.”

“కూసో. నీళ్లు తాగు.”

“అప్పుడైతే కడుపు తీసేసుడు సులువుండె, ఇప్పుడు పెద్ద డాక్టర్ల బోర్డు ముంగట నిలబడాలె, ఒప్పుకుంటరో లేదో అన్నది.”

“ఫికర్ చెయ్యకు.”

“మా తమ్ముడు అంజన్‌ను సచ్చేదాంక నేనే మోసిన. ముడ్డి కడిగిన, మూతి తుడిచిన. మళ్ల గసొంటి బిడ్డయితే నాతోని కాదు, కననన్న.”

“అన్నవ్.”

“నీ చేతులు పట్టుకోని అన్న!”

“అన్నవ్ గద. యాదికున్నది.”

“మరెందుకు చెప్పలే?”

“గా సన్నబ్రష్షు ఇటియ్యి.”

“నందూ!”

“చెప్తే వాపస్ ఇచ్చేటిదానివి. అందుకే కండ్లు తెరిచేదాంక ఆగిన.”